మూడో తరం గూటిపిల్లి

“ఎద్దు పోతే సంతలో వెదకల్ల. పిల్లి పోతే పొయ్యిలో వెదకల్ల. నా అంగడికి ఏంటికి వచ్చినావు?”

బాగేపల్లి బట్టల వ్యాపారి ఈరప్ప కూర్చున్న పరుపు మీద నుంచి లేవలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషికి కూర్చోమని చెయ్యి కూడా చూపించలేదు. డిటెక్టివ్ నరసింహయ్య ఆ మర్యాద కోసం ఆగకుండా పంచెల మూట ఒకటి దగ్గరికి లాగి దానిమీద కూర్చున్నాడు. పోలీసు శాఖలో చాలా ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఆ ఉద్యోగం పోగొట్టుకుని, చిక్కబళ్ళాపురంలో సొంతంగా నేరపరిశోధన చేసుకుంటున్నవాడు. తనను చూసి ముఖం చిట్లించేవాళ్ళ ఎదుట కూర్చోవడం ఆయనకు అలవాటే.

“పోయింది మామూలు పిల్లి కాదని నాకంటే నీకే బాగా తెలుసు కదప్పా. చింతామణిలో సులోచనమ్మగారి ముసలిపిల్లి జరీ నిన్న తెల్లారేసరికి కనపడలేదు. మొన్న రాత్రి నువ్వు యాడుండావు?”

“నా ఇంట్లో. నా మంచం మీద. సాక్షానికి నా పెండ్లాన్ని పిలవల్లనా?”

“పిలువు.”

ఈరప్ప ముఖం నల్లబడింది. ఆయన పిలవలేదు. నరసింహయ్య బలవంతం చెయ్యలేదు. భార్యను పిలవనన్నంత మాత్రాన మనిషి దొంగ కాడు. అయితే ఈ వ్యవహారంలో ఈరప్పకు ఉన్నంత లాభం ఇంకెవరికీ లేదు.

కైవార చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఒక రకం పిల్లి ఉండేది. ఒళ్ళంతా పట్టుగూడు రంగు, బొటనవేలంత తోక. ఎలుకలు పురుగుల తట్టల్లో పడకుండా అది కాపలా కాసేది. తట్టల మధ్య నడిచినా ఒక్క పురుగును తొక్కేది కాదు. జనం దాన్ని గూటిపిల్లి అన్నారు. ఆ పిల్లిని ప్రత్యేకమైన జాతిగా గుర్తించమని చింతామణి పట్టు వ్యాపారి భార్య సులోచనమ్మ, భర్త పోయిన తర్వాత, బెంగళూరులోని పెంపుడు జంతువుల సంఘానికి అర్జీ పెట్టుకుంది. అది పెట్టి ఆరేళ్ళయింది. సంఘం వాళ్ళ నియమం ఒకటే. అమ్మమ్మ, అమ్మ, కూన, మూడు తరాలూ ఒకే పోలికతో, ప్రాణాలతో, ఒకేచోట కనపడాలి. జరీ, దాని కూతురు బంతి, బంతి కూన ముద్ద. శుక్రవారం పదిగంటలకు పరీక్షకుడు కామత్ చింతామణికి వస్తున్నాడు. ఈరోజు గురువారం. జరీ లేదు.

ఈరప్ప కూడా అర్జీ పెట్టాడు. ఆయన దగ్గర ఉన్నవి రెండు తరాలే. సులోచనమ్మ అర్జీ కొట్టేస్తే తర్వాత వంతు ఆయనది. ఎవరి అర్జీ నెగ్గితే ఆ జాతికి వాళ్ళు పెట్టిన పేరే ఉంటుంది. కూనలు అమ్మే హక్కూ వాళ్ళదే.

“మనుషులకే కులం ఉండకూడదని సర్కారోళ్ళు ఊరూరా చెప్తాండారు. ఆ యమ్మ పిల్లులకు కులం కట్టిస్తాండాది. పైగా దానికి డిటెక్టివు” అన్నాడు ఈరప్ప.

“నువ్వూ కట్టించబోతివి కదప్పా. నీ పిల్లులది ఏ కులమని రాసినావు?”

లోపలి గది తలుపు దగ్గర ఎవరో నవ్వారు. భోజనం చేసిన చెయ్యి తువ్వాలుతో తుడుచుకుంటూ ఒక మనిషి బయటికి వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, ఇస్త్రీ చెడని ప్యాంటు. అతని పేరు రంగనాథ. ఒకప్పుడు నరసింహయ్య కింద పనిచేశాడు. నరసింహయ్య ఉద్యోగం పోయిన విచారణలో మొదట సాక్ష్యం చెప్పింది అతడే. ఇప్పుడు బెంగళూరులో సొంత డిటెక్టివు ఏజెన్సీ నడుపుతున్నాడు. ఈరప్ప పిలిపించగా వచ్చాడు.

“బాగుండారా సార్?” అన్నాడు రంగనాథ. “సార్ అనేది అలవాటు. పోదు.”

“అలవాటైనవి శానా పోగొట్టుకున్నావు. అదొకటి మిగిలిందా?”

రంగనాథ నవ్వు చెదరలేదు. “మీరు దొంగను వెదుకుతాండారు. నేను మోసాన్ని వెదుకుతాండాను. ఆ పిల్లులు పుట్టుకతో పొట్టితోకవి కావు. తోకలు కోసినారు. పరీక్షకుడు తోక కొస వేళ్ళతో తడిమితే తెలిసిపోతాది. తెలిసిపోతాదనే ఆ యమ్మే ముసలిదాన్ని దాచిపెట్టింది. దాచిపెట్టి మిమ్మల్ని పిలిపించింది. నాటకంలో పోలీసు వేషం ఒకటి ఉండల్ల కదా.”

“తడిమి చూస్తారన్న మాట చింతామణిలో ఎవురికి చెప్పినావు?”

రంగనాథ తువ్వాలు మడతపెట్టాడు. మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టాడు.

“చెప్తే తప్పా?”

“తప్పని అనలేదు. ఎవురికని అడిగినాను.”

“ఆ ఇంట్లో పనిచేసే ముసలామె నీళ్ళకొస్తే ఆమెకు చెప్పినాను. తోక కోసినోళ్ళకు జైలని చెప్పినాను. నిజం బయటికి రావాలంటే ఒక్కోసారి బెదిరించాల. మీరు నేర్పించిందే.”

“నేను దొంగలను బెదిరించేది నేర్పినాను. ముసలోళ్ళను కాదు” అని నరసింహయ్య లేచాడు. చింతామణి బస్సు కదలబోతోంది.

\*

సులోచనమ్మ ఇంటి పెరట్లో ఒక విడి గది ఉంది. పిల్లులు అందులోనే ఉంటాయి. నరసింహయ్య ముందు తాళం చూశాడు. గీతలు లేవు. కిటికీకి కొట్టిన జల్లెడ ఎక్కడా వదులు కాలేదు. పైకప్పు పెంకులు కదలలేదు. తలుపు కింద చెయ్యి పట్టేంత సందు లేదు.

“తాళంచెవి?”

“నా మొలలో ఉంటాది” అంది సులోచనమ్మ. అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఎవరితోనో వాదించడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడుతుంది. “పొద్దున ఊడ్చేటప్పుడు హనుమక్కకు ఇస్తాను. మల్లా తీసుకుంటాను. ఆమె ఈ ఇంటికొచ్చి నలభై ఏండ్లు. ఆమె జోలికి పోవద్దు.”

“నేను ఎవురి జోలికీ పోలేదమ్మా. ఇంకా తాళం దగ్గరే ఉండాను.”

“మీ చూపు చెప్తాండాది. నిన్ను పిలిపించింది ఈరప్పను పట్టేదానికి. నా ఇంటోళ్ళను పట్టేదానికి కాదు.”

మర్యాదలో మొదలైన మాట ఏకవచనంలోకి దిగింది. నరసింహయ్య గదిలోకి వెళ్ళాడు.

బంతి గోడవారన గోనెపట్టా మీద పడుకుని ఉంది. కడుపు బరువుగా ఉంది. మళ్ళీ చూలుతో ఉంది. ఆయన వంగి దాని తోక తడిమాడు. బొటనవేలంత తోక, కొస దగ్గర ఎముక కొక్కెంలా వంగి ఉంది. కొసదాకా వెంట్రుకలు నిండుగా ఉన్నాయి. మచ్చ లేదు. ఇది దేవుడు పెట్టిన తోకే. ఆయన కూన వైపు తిరిగేలోగా సులోచనమ్మ దాన్ని ఎత్తుకుని పైటకొంగు కప్పుకుంది.

“పసిది. పరాయి చెయ్యి తగిలితే బెదురుతాది.”

ఆయన ఆ మాట నమ్మాడు. ఆ పొద్దు ఆయన చేసిన తప్పు అదే.

గోడ దగ్గర మూడు మట్టి మూకుళ్ళు వరసగా ఉన్నాయి. రెండు శుభ్రంగా కడిగి ఉన్నాయి. మూడోదాంట్లో పాలల్లో పిసికిన అన్నం ఎండి అట్టకట్టింది. చీమలు పట్టాయి.

“ఇది జరీదేనా?”

“దానిదే. పండ్లు ఊడిపోయినాయి. మెత్తగా పిసికి పెట్టల్ల.”

“రెండు కడిగి ఒకటి కడగలేదు ఏంటికి?”

“మరిచిపోయిందేమో.”

“నలభై ఏండ్లలో ఎన్నిసార్లు మరిచిపోయింది?”

సులోచనమ్మ కూన మీది కొంగు సరిచేసుకుంది. నరసింహయ్య ఆ మూకుడు ఎత్తలేదు. చూస్తూ నిలబడ్డాడు. ఆయన తల్లి కూడా అంతే. ఇంట్లోవాళ్ళు ఊరికి పోతే వాళ్ళు తిన్న కంచం వెంటనే కడిగేది కాదు. క్షేమంగా చేరినట్టు కబురు వచ్చేదాకా మూలన పెట్టేది. కడిగేస్తే మళ్ళీ ఆ కంచంలో తినడానికి వాళ్ళు రారని భయం. దొంగ ఎత్తుకుపోయిన పిల్లి మూకుడును ఎవరూ అట్లా కాపాడరు. ఈ పిల్లిని ఎవరో సాగనంపారు. కబురు కోసం ఎదురు చూస్తున్నారు.

“హనుమక్కను పిలవండమ్మా” అన్నాడు.

“పిలవను.”

“రేపు పదిగంటలకు జరీ ఈడుండల్లనా వద్దా?”

సులోచనమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. ఆ చూపులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. “నీకు ఇది ఆటగా ఉండాదేమో. నా చిన్నప్పుడు కైవార పల్లెల్లో పురుగులింటికొక గూటిపిల్లి. ఇప్పుడు ఎలకల మందొచ్చింది. మందు తిన్న ఎలకను తిని పిల్లి చస్తాది. ఊరు మొత్తం వెదికినా ఒకటి దొరకదు. గుర్తింపొస్తే సంఘమోళ్ళు జతలు జతలుగా వేరే ఊర్లలో పెంచుతారు. రాకుంటే నాతోనే సరి. నేను పోయిన రోజు నా మరుదులు వీటిని గోనెసంచిలో ఏసి ఊరవతల ఇడిచిపెట్టేస్తారు. ఇంకో ముసలిది లేదు. మల్లా మూడు తరాలు చూపించేదానికి నాకు వయసు లేదు.”

“అందుకే పిలవమంటాండాను.”

\*

హనుమక్క వచ్చి తలుపు బయటే కూర్చుంది. చిన్న మనిషి. చెవులకు బరువైన కమ్మలు. తలస్నానం చేసి ముడేసిన జుట్టు, వక్క ఎరుపు వెలిసిన పెదవులు. కళ్ళు నేల మీదే.

నరసింహయ్య ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని, సంచిలో నుంచి ఆకూ వక్కా తీశాడు. పొగాకు కాడ కూడా తీసి ముందు పెట్టాడు.

“ఎయ్యమ్మా.”

“వద్దప్పా.”

“పండ్లు చూస్తే జీవితమంతా వేసినట్టుండాది. ఈపొద్దు ఏంటికి వద్దు?”

“మనసు బాగలేదు.”

“మనసు బాగలేకుంటే ఇంకొంచెం ఎక్కువేస్తారు కదా. నిన్నటినుంచీ వెయ్యలేదు. తలకు పోసుకున్నావు కూడా. పండగ లేదు, మైల లేదు. మా ఊరు నంది దగ్గర. మా ఇంట్లోనూ పురుగులుండె. పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచినంక పొగాకు వాసన తగిలితే తట్టలు తట్టలే చచ్చిపోతాయి. పొగాకు నమిలినోళ్ళను మా అమ్మ గడప తొక్కనిచ్చేది కాదు. తలకు పోసుకుని, నోరు కడుక్కుని రావల్ల. నువ్వు పురుగులింటికి పోయొచ్చినావు. మల్లా పోవల్లని ఉండావు. అందుకే పొగాకు ముట్టలేదు. ఎవురింటికి?”

హనుమక్క పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బెదిరించద్దు” అంది వెనకనుంచి సులోచనమ్మ.

“ఈమెను బెదిరించినోడు వేరే. నేను అడుగుతాండాను. తోక కోసినోళ్ళకు జైలని ఎవురో చెప్పినారు. అవునా అమ్మా?”

“చెప్పినాడప్పా. ప్యాంటేసుకున్నాయన” అంది హనుమక్క. ఆపిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. “నేనే కోసినాను. జరీని కైవారనుంచి తెచ్చినప్పుడు పొట్టి తోకే, ఇంతే. దాని కొస గోరంత కోసి ఈ గది గడప కింద పూడ్చినాను. అట్ల చేస్తే పిల్లి ఇల్లు వదలదు. మా పెద్దోళ్ళంతా అట్లే చేసేది. అప్పుడు ఈ అర్జీ లేదు, ఏమీ లేదు. కొసన మచ్చ పడింది. ఆ మచ్చ చూస్తే అంతా అబద్ధమని అమ్మను జైల్లో పెడతారంటే, నిన్న తెల్లవారుజామున ఊడ్చేదానికని తాళంచెవి తీసుకుని, మొదటి బస్సుకు కైవారలో మా చెల్లెలు చిక్కమ్మ ఇంట్లో ఇడిచొస్తిని. పరీక్ష అయినంక తెస్తామని.”

“జరీ లేకుంటే పరీక్షే లేదే పిచ్చిదానా” అంది సులోచనమ్మ.

“నాకేం తెలుసమ్మా. మిగతా రెంటికీ నేను కత్తి తగిలించలేదు. మీరు వద్దంటిరి కదా.”

నరసింహయ్యకు ఒళ్ళు తేలికైంది. దొంగతనం లేదు. కైవార పక్కనే. పొద్దు గూకేలోగా పిల్లిని తేవచ్చు. మచ్చ సంగతి పరీక్షకుడికి ముందే చెప్పేస్తే చాలు. దానికి రుజువు కూడా ఈ గడప కిందే ఉంది.

“ఒప్పుకున్నారన్నమాట.”

పెరటి గుమ్మంలో రంగనాథ నిలబడి ఉన్నాడు. కారులో వెనకాలే వచ్చాడు. ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలియదు.

“ఎవురు రానిచ్చినారు నిన్ను?” అంది సులోచనమ్మ.

“తలుపు తెరిచుండాదమ్మా. దాచేదానికి ఏమీ లేనోళ్ళు తెరిచిపెట్టుకుంటారులే అనుకొంటి.” రంగనాథ నరసింహయ్య వైపు తిరిగాడు. “సార్, మీ సాక్షే నా సాక్షి. తోక కోసినారు. చిక్కబళ్ళాపురం బంగళాలో పరీక్షకుడు దిగినాడు. రాత్రి భోజనానికి ముందే చెప్తాను.”

“గోరంత కోసినారని చెప్తావా, తోకంతా కోసినారని చెప్తావా?”

“కోసినారని చెప్తాను. కొలత ఆయనే తెలుసుకుంటాడు.”

“కొలత ఇప్పుడే చూద్దాం. గడప కింద పూడ్చిన కొస ఉంటాది. పుట్టుకతో పొట్టి తోక అయితే కొస ఎముక వంకరగా ఉంటాది. బంతి తోక తడిమి చూడు, తెలుస్తాది. కోసిన ముక్కలో ఆ వంకర ఉంటే, కొయ్యకముందే అది పొట్టితోకని రుజువు. నీ ఎదురుగానే తీస్తాను. చూసి పరీక్షకునికి అదే చెప్పు.”

“గడప పెకలించేది కుదరదు” అంది సులోచనమ్మ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

“ఇల్లు కట్టినప్పుడు పూజ చేసి పెట్టిన గడప. దాన్ని కదిలిస్తే ఇంటికి మంచిది కాదు. జరీని తెండి. మచ్చ సంగతి నేను చెప్పుకుంటాను.”

“మీ మాట ఆయన నమ్మడమ్మా. ఈ మనిషి నమ్మనీడు. చూపించల్ల.”

“వద్దని చెప్తాండాను నరసింహయ్యా.”

“అమ్మా, జరీ మచ్చకు ఇది తప్ప రుజువు లేదు. మీకు ఈ అర్జీ కావల్లనా, గడప కావల్లనా?”

సులోచనమ్మ పెదవులు కదిలాయి. కూన ఆమె పైటకొంగు కింద మెలికలు తిరుగుతోంది. నరసింహయ్య ఆమె మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. ఆచారం కోసం పట్టుబట్టే ముసలివాళ్ళను ఆయన చాలామందిని చూశాడు.

హనుమక్క చోటు చూపించింది. కుడి ద్వారబంధం పక్కన గునపం దించి, రెండు రాళ్ళు జరిపి, నరసింహయ్య వేళ్ళతో మట్టి తోడాడు. పసుపు గుడ్డ ముక్క, పట్టుకుంటే పొడైపోయేటంత పాతది. అందులో వేరుసెనగ గింజ కంటే చిన్న ఎముక. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి వచ్చాడు. ఎముక కొస కొక్కెంలా వంగి ఉంది.

“చూడు రంగనాథా. వంకర. బంతి తోకలో ఉండేదీ ఇదే. ఇంకేమన్నా చెప్పల్లనా?”

రంగనాథ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని ముఖంలో ఓటమి కనపడబోతున్న క్షణంలో అతని చూపు నరసింహయ్య చేతిని దాటి గుంటలోకి పోయింది.

“అది ఇంకోటేంది సార్?”

మట్టి తోడిన పక్కన, పై పొరలోనే, తెల్లటి గుడ్డ అంచు కనపడుతోంది. పాత గుడ్డ కాదు. రంగనాథ వంగి లాగాడు. మడతలు విడిపోయాయి. లోపల ఎండిన తోక. సగం వేలంత పొడుగు. పట్టుగూడు రంగు వెంట్రుకలు ఇంకా అట్లాగే ఉన్నాయి. కొస తిన్నగా ఉంది.

“ఇది నాది కాదమ్మా” అంది హనుమక్క. “నేను ఇంత కొయ్యలేదు. నేను కాదు.”

నరసింహయ్య నెమ్మదిగా తల తిప్పి సులోచనమ్మ చేతుల్లోని కూన వైపు చూశాడు. వచ్చినప్పటినుంచీ ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆమె ముట్టుకోనివ్వలేదు.

సులోచనమ్మ కూనను కిందికి దించింది. అది తడబడుతూ బంతి దగ్గరికి పోయింది. తోక కొసన వెంట్రుకలు లేని చిన్న గులాబి మచ్చ అందరికీ కనపడింది.

“బంతికి పోయిన కాన్పులో ఒకటే కూన” అంది సులోచనమ్మ. “తోక పొడుగు. మూడు రోజులు ఎవురినీ గదిలోకి రానీకుండా చూస్తాంటి. జరీకి ఇంక ఎన్నాళ్ళుంటాదో తెలీదు. మూడో తరం పొడుగు తోకదైతే ఆరేండ్లు పడిన కష్టమంతా ఏమౌతాది? హనుమక్కను అంగడికి పంపించి నేనే కోసినాను. ఏ కాన్పుకైనా సరే పొట్టిది వస్తాది, నాకు తెలుసు. ఆ కాన్పుకు రాలేదు, అంతే.”

“కోసింది ఏ దిబ్బలోనో పారేసివుంటే ఎవురికీ తెలిసేది కాదు కదమ్మా” అన్నాడు రంగనాథ. అతని గొంతులో హేళన కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

“నేను ఆ మాటలు నమ్మను. హనుమక్కను తిట్టి మాన్పించింది నేనే.” ఆమె గడప వైపు చూసింది. “పారేసేదానికి పోతి. దిబ్బదాకా పోతి. పారేస్తే అది యాడికైనా వెళ్ళిపోతాదేమో అనిపించె. తెచ్చి పూడ్చిపెడితి.”

రంగనాథ ఆ తోకను తెల్లగుడ్డలోనే చుట్టి జేబులో పెట్టుకున్నాడు. “సార్, రుజువు మీరే తీసిచ్చినారు. నాకు పని తగ్గించినారు.”

“ఇట్లియ్యి” అన్నాడు నరసింహయ్య.

“ఇవ్వకుంటే?”

“ఇవ్వొద్దులే” అంది సులోచనమ్మ. “తీసుకపోనీ. వాడు చెప్పకముందే నేను చెప్తాను. ఈ అర్జీ వాపసు తీసుకుంటాను. బంతి మల్లా కడుపుతో ఉండాది, ఇంకో నెల. పొట్టి తోకది పుడితే మల్లా అడుగుతాను. కాళ్ళు పట్టుకోనైనా అడుగుతాను. జరీ బతికుంటే చాలు. హనుమక్కా, చెప్పులేసుకో. కైవారకు పోదాం.”

“మీరు పోయే పన్లేదమ్మా” అంది పెరటి గుమ్మంలో నుంచి ఇంకో గొంతు. “నేనే వచ్చినాను.”

హనుమక్క చెల్లెలు చిక్కమ్మ. అక్క ముఖమే, ఇంకొంచెం ఎండకు మాడింది. చంకలో ఒక మూట ఉంది. లోపలికి అడుగుపెట్టి అందరినీ చూసింది. రంగనాథను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

“అప్పా, మీరూ ఈడనే ఉండారా? మంచిదాయ. నిన్న తొందరలో దీన్ని మరిచిపోయి వచ్చేస్తిరి.” మూట విప్పి ఒక పాత ఎర్రచీర ముక్క తీసింది. “ఇది లేకుంటే జరీ పండుకోదంట కదా, అక్క చెప్పింది. అందుకే పురుగులను పక్కింటోళ్ళకు అప్పగించి బస్సెక్కితిని. పిల్లి బాగుండాదా? దావలో ఏడిచిందా?”

రంగనాథ ఒక అడుగు వెనక్కి వేశాడు. నరసింహయ్య అప్పటికే పెరటి తలుపు దగ్గరికి చేరి గడియ పెట్టాడు.

“చిక్కమ్మా, ఈయప్ప నిన్న వచ్చి ఏమన్నాడు?”

“సులోచనమ్మ పంపిస్తే వచ్చినానన్నాడు. పరీక్ష ముందే పెడతారంట, పిల్లిని తెమ్మన్నారని. అక్క పేరు చెప్పినాడు, అమ్మ పేరు చెప్పినాడు. ఇస్తిని.” చిక్కమ్మ ఒక్కో ముఖం చూస్తూ పోయింది. “ఇయ్యకూడదా?”

“హనుమక్కను బెదిరించింది నిజం కోసం కాదు. ఆమె పిల్లిని ఇంట్లోనుంచి బయటికి తీస్తాదని. తీస్తే వెనకాలే బస్సు పట్టుకుని పోవచ్చని” అన్నాడు నరసింహయ్య. “తాళం పగలగొట్టకుండా దొంగతనం చేసినావు. పిల్లి యాడుండాది? ఈరప్ప ఇంట్లోనా?”

“ఈరప్పకు తెలీదు.”

“యాడుండాది?”

“నా దగ్గర లేదు సార్.” రంగనాథ గొంతులో ‘సార్’ మొదటిసారి వేళాకోళం కాకుండా వినపడింది. “గోనెసంచిలో పెట్టి కారులో బాగేపల్లికి తీసుకపోతాంటి. పేరేసంద్ర దాటేసరికి సంచిలో అలికిడి ఆగిపోయె. చచ్చిపోయిందేమోనని కారాపి మూతి విప్పినాను. చంపల్లనుకోలేదు, ఒక రోజు కనపడకుంటే చాలనుకొంటి. ముంజేయి గీరి దూకేసింది. రోడ్డు దాటి రాగి చేలోకి పోయింది. చీకటి పడేదాకా వెదికినాను.”

అతడు చొక్కా చెయ్యి పైకి లాగాడు. మూడు గీతలు, నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. తర్వాత జేబులో నుంచి తెల్లగుడ్డ మూట తీసి నరసింహయ్య ముందు పట్టుకున్నాడు. “ఇది మీరు తీసుకోండి. నా సంగతి మీరు చెప్పొద్దు, ఆ యమ్మ సంగతి నేను చెప్పను. రేపు ముసలిది చచ్చిపోయిందని చెప్పి మిగతా రెంటినీ చూపించుకోండి. బతిమాలితే ఒప్పుకుంటాడు.”

నరసింహయ్య చెయ్యి చాపలేదు. ఆయన సులోచనమ్మ వైపు చూశాడు. ఆ ఇంట్లో నిర్ణయం ఆమెది.

సులోచనమ్మ మూట అందుకుని, విప్పి చూడకుండా, చిక్కమ్మ చేతిలోని ఎర్రచీర ముక్కతో కలిపి మడిచింది.

“నీ కారు యాడుండాది?”

“వీధిలో.”

“నువ్వు ముందు కూర్చో. అది దూకిన చోటు చూపించు. ఆడనుంచి బంగళా దగ్గరే. రెండు సంగతులూ, నాదీ నీదీ, ఆ పరీక్షకునికి నేనే చెప్తాను.”

“నిన్న సాయంత్రం దూకింది అమ్మా” అన్నాడు రంగనాథ. “ఇరవై నాలుగు గంటలు కావస్తాండాది. పెద్ద రోడ్డు. అనంతపురం లారీలన్నీ ఆ దావనే. చేలో ఎంతదూరం పోయిందో... మీరు పిలిస్తే వస్తాదా?”

హనుమక్క అప్పటికే వీధి తలుపు దగ్గర ఉంది. అతని ప్రశ్న విని ఆగింది. వెనక్కి తిరిగి ఆమే చెప్పింది.

“దానికి చెవులు పోయి రెండేండ్లాయ. మేము పిలిచినా వినపడదు. లారీ వచ్చినా వినపడదు.”